గంగమ్మకు గుప్పెడు బియ్యం

జూన్ 9, 1957. ఆదివారం

కూర్మయ్య వస్తానన్నాడు.

ఈ ఒక్క ముక్క రాసుకోవడానికే ఈ పుస్తకం తీశాను. ఆఫీసులో సగం వాడి పారేసిన హాజరు పట్టీ ఇది. ముందు పేజీల్లో కూలీల పేర్లున్నాయి, అందుకని వెనక నుంచి రాస్తున్నాను. రత్నావతికి తెలుగు చదవడం వచ్చు. పెనాంగులో కొట్టు పెట్టుకున్న వాళ్ళ నాన్న దగ్గరుండి నేర్పించాడు. కాబట్టి ఈ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళకూడదు, ఆఫీసు సొరుగులోనే ఉండాలి. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషిని, ఎస్టేట్ ఆఫీసులో పెద్ద కిరాణిని, గుమాస్తాలందరికీ పైవాడిని, పెళ్ళానికి భయపడి డైరీ దాచుకుంటున్నాను.

మా ప్రాంతం వైట్ ఏరియా అయిందని పోయిన నెల నోటీసు అంటించారు. ఇక కర్ఫ్యూ లేదు, బియ్యం మీద కట్టడి లేదు. తొమ్మిదేళ్ళుగా మూసి ఉన్న అడవిలోకి, పోలీసుల పర్మిట్ ఉంటే, వెళ్ళొచ్చు. కూలీలందరికీ నోటీసు చదివి వినిపించింది నేనే. చదువుతుండగానే నాకు ఉలు గుర్తొచ్చింది. నది మీద ఎగువకు రెండు రోజులు పడవలో పోతే వచ్చే చోటు అది, అక్కడ ఊరు లేదు, దారి లేదు. అక్కడి జలపాతం కింద మడుగులో కెలా చేపలు మనిషి చెయ్యంత పొడవుంటాయని, బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో నేనూ కూర్మయ్యా మొలతాడుతో తిరిగే వయసులోనే విన్నాం. ఎప్పటికైనా వెళ్దామనుకున్నాం. తర్వాత నేను ఏడో స్టాండర్డు పాసై కిరాణినయ్యాను. వాడు రబ్బరు చెట్లు గీసే పనిలో చేరాడు. ఇద్దరం చివరికి ఈ ఎస్టేట్‌కే వచ్చి పడ్డాం. ఆ తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది, మలయా అడవుల్లోని కమ్యూనిస్టుల మీద తెల్ల సర్కారు యుద్ధం.

వాడిని అడగడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఇవాళ కూలీలుండే ఇళ్ళ లైన్ల దగ్గర కొళాయి పక్కన నిలబడి అడిగాను. బకెట్ నిండాక వాడు కొళాయి కట్టేశాడు. తర్వాత "ఎల్దాం కిరాణిగారూ" అని బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

వాడికి చెప్పాల్సిన మాట ఒకటుంది. ఐదేళ్ళ నాటిది. లైన్లలో చెప్పేది కాదు, ఆఫీసులో అసలే కాదు. ఉలులో అయితే నీళ్ళ చప్పుడుంటుంది, వినేవాళ్ళుండరు. అక్కడ చెప్తాను. ఈ చేపల వేట అంతా అందుకే అని ఎవరైనా అంటే కాదనను.

జూన్ 10

సామాన్ల జాబితా టైపు చేశాను, రెండు కాపీలు. గాలాలు మూడు సైజుల్లో. తాడు. సీసం గుండ్లు. ఎరకు పామాయిల్ పండ్లు, బాగా పండి ఎర్రబడినవి, కెలాకి అవంటే ప్రాణమట. కిరసనాయిలు, అగ్గిపెట్టెలు, టార్పాలిన్, జలగలకు పొగాకు నీళ్ళు. తిండికి రొట్టె, బిస్కెట్లు, కర్రపెండలం, ఎండు చేపలు.

బియ్యం రాయలేదు. బియ్యం బరువు. పైగా అక్కడ వండుకునే ఓపిక ఎవరికుంటుంది?

జూన్ 16, ఆదివారం

కూర్మయ్య ఇంటికొచ్చాడు. వరండాలో కుర్చీ వేశాను, కూర్చోలేదు. మెట్టు మీదే కూర్చుని నా జాబితా చదివించుకుని విన్నాడు. ఇపోలో కొన్న తళతళలాడే ఇంగ్లీషు గాలాన్ని చూపిస్తే, చెవికి పెట్టుకోమని దాలమ్మకిస్తానన్నాడు. దాలమ్మ వాడి భార్య. చాలా రోజులకు వాడి నోట వేళాకోళం విన్నాను, ప్రాణం లేచొచ్చింది. ఆ ఆనందంలో సిగరెట్ ఇవ్వబోయాను. వాడు నావైపు చూశాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక ఒక్క బీడీ కూడా ముట్టలేదు, ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

వెళ్తూ వెళ్తూ అడిగాడు. "గంగమ్మకో?"

అనుకుంటూనే ఉన్నాను అడుగుతాడని. మావాళ్ళు నీళ్ళలో మొదటి గాలం వేసే ముందు గుప్పెడు పసుపు బియ్యం గంగమ్మకు చల్లుతారు. చల్లకుండా గాలం వెయ్యరు, వేస్తే ఇంట్లో ఆడవాళ్ళు ఊరుకోరు. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కిన మా తాతలు మరేం తెచ్చుకున్నా లేకపోయినా ఇది మాత్రం తెచ్చుకున్నారు. అంత అడవిలో గంగమ్మ ఉంటుందో లేదో అని నవ్వేశాను.

"నీళ్ళున్న సోటల్లా ఉంటాది లా" అన్నాడు కూర్మయ్య, ఇక్కడందరిలాగే మాట చివర లా తగిలించి. వాడు నవ్వలేదు.

జూన్ 23

వాన. నది ఎర్రగా పారుతోందట. వాయిదా.

జూలై 3

ముందు రాసి పెట్టుకుంటే చెప్పడం సులువవుతుందేమో. ప్రయత్నిస్తాను.

1952 మార్చిలో ఒక ఆదివారం ఉదయం నేనూ కూర్మయ్యా ఎస్టేట్ వెనక వాగుకు చేపలకు బయలుదేరాం. అప్పట్లో లైన్ల చుట్టూ ముళ్ళ తీగ, ఒకటే గేటు. తీగ లోపల ఎంత బియ్యమైనా తినొచ్చు, గేటు దాటి ఒక్క గింజ పోకూడదు. పోతే అది అడవిలో ఉన్నవాళ్ళకే అని లెక్క. ఆ రోజు గేటు దగ్గర కొత్త మిలిటరీ ఆఫీసరు ఉన్నాడు. తనిఖీలో కూర్మయ్య మొలలో పసుపు గుడ్డలో కట్టిన గుప్పెడు బియ్యం దొరికింది. అది గంగమ్మకని వాడు చెప్పాడు. ఆఫీసరు నమ్మలేదు. లారీ ఎక్కించుకుని తీసుకుపోయారు. రెండేళ్ళ ఎనిమిది నెలలు నిర్బంధ క్యాంపులో ఉంచారు.

నేను పక్కనే ఉన్నాను. ఇంగ్లీషు వచ్చింది నాకే కాబట్టి దుబాసీగా నిలబడ్డాను. అంతే. ఆ రోజుల్లో ఎవరు మాత్రం ఏం చెయ్యగలిగేవారు?

వాడు తిరిగొచ్చిన రోజు లైనంతా పోగయ్యింది. అందరి ముందు నావైపు తిరిగి, "మీరు సెప్పినా ఆ దొర నమ్మలేదు. మీరేటి సేస్తారు కిరాణిగారూ" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఎంత స్నేహమో చూడండని జనం అన్నారు.

అంతకుముందు వాడు నన్ను బావా అని పిలిచేవాడు, ఏరా అన్నట్టే. తిరిగొచ్చాక ఒక్కసారీ అనలేదు. ఇద్దరమే ఉన్నా కిరాణిగారే. క్యాంపులో మర్యాదలు బాగా నేర్పి ఉంటారు.

జూలై 4

నిన్న రాసింది చదివాను. అందులో అబద్ధం లేదు.

జూలై 14, ఆదివారం

దాలమ్మ చేపల బుట్ట తెచ్చింది. పాతదే, అడుగు కొత్తగా అల్లింది. కూర్మయ్య ఇప్పుడు గడ్డి పీకే గుంపులో పని చేస్తున్నాడు. క్యాంపుకెళ్ళొచ్చిన మనిషికి చెట్లు గీసే పని తిరిగి ఇవ్వలేదు. బుట్ట మీ ఇద్దరికీ కలిపే అల్లానని, ఉలు నుంచి వచ్చాక అయినా తన మొగుడు కాస్త మాట్లాడే మనిషవుతాడేమోనని ఆశగా ఉందని చెప్పింది. రత్నావతి కాఫీ ఇచ్చింది. తాగుతూ దాలమ్మ ఎప్పుడూ అనే మాటే అంది.

"మా అత్తకి మీరు కొరివెట్టినారు. ఆ రునం మేం తీర్సుకోలేం బాబూ."

కూర్మయ్య తల్లి ఎర్రమ్మ పోయింది 1953లో. కొడుకు క్యాంపులో ఉన్నాడు. మూడు రోజులు కొడుకు పేరే పలవరించింది. ఆ మూడు రోజులూ పక్కన కూర్చుని గొంతులో నీళ్ళు పోసింది నేను. చివరి రోజు చూపు ఆనక నన్నే కూర్మా అని పిలిచింది, పలికాను. కొడుకును ఒక్క రోజు పంపమని క్యాంపుకు అర్జీ టైపు చేసింది కూడా నేనే. ఆ అర్జీ కాపీ ఇంకా ఉంది, ఇవాళ తీసి చూశాను. "సదరు కూలీ" అని ఉంది. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు అని ఒక్క ముక్క చేర్చి ఉండొచ్చు. చేర్చలేదు. అలా చేరిస్తే నన్నేమైనా అడుగుతారని. అర్జీ తిరిగొచ్చింది. కొరివి నేను పట్టుకున్నాను. అంత మంచి మనిషి ఈ ఎస్టేట్‌లో లేడని అప్పుడూ అందరూ అన్నారు.

దాలమ్మ వెళ్ళాక రత్నావతి గ్లాసు తోముతూ ఉండిపోయింది. తోమిన గ్లాసునే మళ్ళీ తోమింది. నావైపు చూడలేదు.

జూలై 21

కంపాంగ్‌లో, నది ఒడ్డు పల్లెలో, పడవవాడిని కలిశాను. మలాయ్ ముసలాయన, ఉలులో ప్రతి రాయీ ఆయనకు పేరు పెట్టి తెలుసు. ఆగస్టు ఆఖరుకు నీళ్ళు తగ్గి మడుగు తేటపడుతుందని, అంతవరకూ ఆగమని అన్నాడు. చాలా సబబుగా తోచింది. ఆయనకు రెండుసార్లు కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

జూలై 28, ఆదివారం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

పర్మిట్ కోసం పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. సార్జెంట్ రిటైర్‌మెంట్‌కు దగ్గరపడిన మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నా పర్మిట్‌కు ఇబ్బంది లేదట. క్యాంపులో ఉండి వచ్చిన మనిషి అడవిలోకి వెళ్ళాలంటే మాత్రం, ఆ మనిషి ఎలాంటివాడో తెలిసిన ఉద్యోగస్థుడెవరైనా పూచీకత్తు మీద సంతకం చెయ్యాలట. నేనే చేస్తానన్నాను. చెప్పేశాక నాకే గర్వంగా అనిపించింది.

సార్జెంట్ బీరువా తీసి కూర్మయ్య ఫైలు తెచ్చాడు. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు. ఇందులో మీ పేరుంది కిరాణిగారూ అని ఫైలు నావైపు తిప్పాడు.

ఆ కాగితం ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. కానీ అంత చక్కటి టైపులో, అంత చిన్నగా ఉంటుందని అనుకోలేదు. గేటు దగ్గర నన్ను ఆఫీసరు అడిగిన ప్రశ్న, నేను చెప్పిన జవాబు. మీ జాతివాళ్ళలో నదికి బియ్యం చల్లే ఆచారం ఉందా? అలాంటి ఆచారం ఉన్నట్టు నాకు తెలియదు. కింద నా సంతకం. కాంతయ్య, పెద్ద కిరాణి. ఇంగ్లీషు 'వై' కింద తోక కూడా, ఇప్పుడు నేను పెట్టే తోకే.

కూర్మయ్యకు ఇంగ్లీషు రాదు. నేను వాడి తరఫున ఆఫీసరుకు అంతా చెప్పాననీ, ఆఫీసరే నమ్మలేదనీ వాడనుకుంటున్నాడు. ఈ ఐదేళ్ళూ అలాగే అనుకుంటున్నాడు.

అప్పుడు తెలియదన్నారు, ఇప్పుడు పూచీ ఉంటారా అని సార్జెంట్ అడిగాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆయనకు కాగితం మీద గడి నిండాలి, అంతే. నా పెన్ను సరిగా రాయడం లేదు, రేపొస్తానన్నాను. ఆయన బల్ల మీద నాలుగు పెన్నులున్నాయి.

జూలై 29

వెళ్ళలేదు. ఆఫీసులో పని.

జూలై 30

వెళ్ళలేదు.

ఆగస్టు 4, ఆదివారం

రత్నావతి నా జాబితా చూసింది. బల్ల మీద వదిలేసింది నేనే. కావాలనే వదిలానేమో కూడా.

ఇందులో బియ్యం లేదేమని అడిగింది. బరువని చెప్పాను. గుప్పెడా అంది. నేను చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాను. మా ఇంట్లో ఈ సంగతి మాట్లాడుకుని ఐదేళ్ళయింది. ఆ మార్చి ఆదివారం నేను ఒక్కడినే ఇంటికి తిరిగొచ్చినప్పుడు ఒకసారి అడిగింది, నేను జవాబు చెప్పలేదు, మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడు చేపలు తెచ్చినా వండింది గానీ తను తినలేదు. నీచు పడటం లేదంది. నమ్మాను.

ఇవాళ తలుపుకు అడ్డంగా నిలబడి మెల్లగా అంది.

"ఆ మూట కట్టింది నేను. మా ఇంటి బియ్యం, మా ఇంటి పసుపు, నా సీర సింపు. మీ సేతికిచ్చినాను. ఆయన మొలలోకి ఎలాగెల్లింది?"

ఆఫీసుకు ఆలస్యమవుతోందన్నాను. ఇవాళ ఆదివారమంది.

తర్వాత అంది, "ఉలుకెల్లి సెప్పి రండి. సెప్పకుండా తెచ్చిన సేపని నేను ముట్టను."

ఆగస్టు 11, ఆదివారం

సరే. రాస్తాను. ఈ గదిలో నేనొక్కడినే ఉన్నాను, తలుపు వేసి ఉంది.

మూట నాది. వాగుకు వెళ్ళినప్పుడల్లా గంగమ్మ బియ్యం నేనే పట్టుకెళ్ళేవాడిని. కిరాణినని గేటు దగ్గర నన్ను ఎవరూ తడిమేవాళ్ళు కాదు. చట్టం నాకు తెలియదా? ఆ చట్టం తెలుగులో కూలీలకు చదివి చెప్పింది నేనే. కానీ గంగమ్మది తిండి కింద లెక్క కాదని మా ఇద్దరి ధైర్యం. మావాళ్ళెవరిని అడిగినా అలాగే అనేవాళ్ళు. దేవుడికిచ్చేది బియ్యమని ఎవరనుకుంటారు?

ఆ రోజు మలుపు తిరగ్గానే గేటు కనబడింది. లారీ కనబడింది. మా దొర ఇంట్లో వంటవాడిని చేతులెత్తించి తడుముతున్నారు. దొర వంటవాడినే తడుముతుంటే కిరాణిని వదులుతారా? నేను చూశాను. కూర్మయ్య నా వెనక ఉన్నాడు, భుజం మీద గాలాల కర్రలు, వంగి చెప్పు సరిచేసుకుంటున్నాడు. వాడింకా చూడలేదు.

నేను జేబులోంచి మూట తీశాను. "కాస్త పట్టుకో, సిగరెట్ వెలిగించుకుంటాను" అన్నాను.

వాడు పట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు. చేతులు ఖాళీ లేక మొలలో దోపుకున్నాడు. నేను సిగరెట్ వెలిగించుకున్నాను. నిజంగానే వెలిగించుకున్నాను, పొగ కూడా పీల్చాను. గేటు దాకా వెళ్ళాం.

మూట బయటపడ్డప్పుడు వాడు నావైపు ఒక్కసారి చూశాడు. ఇది వాడిది అని వేలు చూపించొచ్చు. చూపించలేదు. "గంగమ్మకని దొరకి సెప్పు బావా" అన్నాడు. వాడు నన్ను బావా అనడం అదే ఆఖరు. నేను ఆఫీసరుకు చెప్పాను, ఇతను ఇది నదికి అంటున్నాడని. అలాంటి ఆచారం ఉందా అని ఆఫీసరు నన్ను అడిగాడు. ఉందంటే, ఎలా తెలుసంటాడు. మా ఇంట్లోనూ చేస్తాం అంటే, మరి ఇవాళ మీ బియ్యమేదీ అంటాడు. ఇదంతా నా బుర్రలో ఎంత వేగంగా తిరిగిందో. ఉద్యోగం, క్వార్టర్స్, లారీ.

తెలియదన్నాను.

అక్కడ ఏ చెడ్డవాడూ లేడు. ఆఫీసరు తన పని తను చేశాడు. పిరికివాడు ఒక్కడే ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

ఆగస్టు 12

చెప్పాలి.

ఆగస్టు 17

స్టేషన్‌కు వెళ్ళి సంతకం చేశాను. ఈ మనిషి మీకు ఎన్నాళ్ళుగా తెలుసు అని గడి ఉంది. "పుట్టినప్పటి నుంచి" అని రాశాను. వాడికంటే నేను నాలుగు నెలలు పెద్ద, కాబట్టి అది అక్షరాలా నిజం. ఇంతటి గొప్ప సత్యాన్ని సార్జెంట్ చదవను కూడా చదవలేదు, ముద్ర కొట్టి ఇచ్చాడు. సెప్టెంబర్ ఒకటి నుంచి ఆరు రోజులు. సామాన్ల జాబితా కాపీ ఒకటి పర్మిట్‌కు గుచ్చాడు. జాబితాలో ఉన్నవే వెళ్ళాలి, గేటు దగ్గర చూస్తారని చెప్పాడు.

తీగ తీసేశారు గానీ గేటు ఇంకా ఉంది. రెండు స్తంభాలు, ఒక కర్ర, ఒక కాన్‌స్టేబుల్.

ఆగస్టు 25, ఆదివారం

ఉలు దాకా ఎందుకు, ఇవాళే చెప్పేద్దామని లైన్లకు వెళ్ళాను. కూర్మయ్య గడప మీద కూర్చుని గాలాలకు తాడు కడుతున్నాడు. దాలమ్మ కొళాయి దగ్గరుంది. ఇంతకంటే మంచి సమయం దొరకదు. పక్కన కూర్చున్నాను. "ఆ రోజు గేటు దగ్గర" అని మొదలుపెట్టాను.

వాడి చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు. తాడు వేళ్ళ మధ్య అలాగే పట్టుకుని ఉన్నాడు. పక్కింట్లో ఎవరో రేడియో పెట్టారు, తీశారు. వాడు ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"ఆ రోజు గేటు దగ్గర పర్మిట్ చూపించాలి, పెందలాడే వచ్చెయ్యి" అన్నాను.

వాడు తాడు ముడి బిగించాడు. పళ్ళతో కొసను కొరికేశాడు. "వస్తాను కిరాణిగారూ" అన్నాడు.

నన్ను చూస్తే నాకే అసహ్యమేస్తోంది.

ఆగస్టు 31, శనివారం

మెర్డెకా. ఇవాళ్టి నుంచి దేశానికి స్వాతంత్ర్యం. పొద్దున్నే ఎస్టేట్ హాల్లో రేడియో పెట్టాం. కౌలాలంపూర్‌లో వాన పడి కార్యక్రమం ఆలస్యమైంది, మా వాళ్ళు ఆ గంటసేపూ వడలు తిన్నారు. తర్వాత రేడియోలో మెర్డెకా అని ఏడుసార్లు అరిచారు, హాలంతా అరిచింది. తమిళులు, తెలుగువాళ్ళు, మా చీనీ ఫిట్టరు, అందరూ. మా దొర కూడా మెల్లగా పెదవులు కదిపాడు. నేను అందరికంటే గట్టిగా అరిచాను. నాలుగోసారికి వెనక తలుపు దగ్గర కూర్మయ్య కనబడ్డాడు. వాడు చెయ్యెత్తాడు గానీ నోరు తెరవలేదు. మిగతా మూడుసార్లూ నేనూ దొరలాగే పెదవులు కదిపాను.

ఇంటికొచ్చేసరికి రత్నావతి బుట్ట సర్దేసి ఉంచింది. రొట్టె, బిస్కెట్లు, కర్రపెండలం, ఎండు చేపలు. అన్నీ జాబితాలో ఉన్నవే. పసుపు చేతులతో ఏమైనా కట్టిందేమోనని ఆమె వేళ్ళ వైపు చూశాను. శుభ్రంగా ఉన్నాయి. ఈసారి ఆవిడ కట్టదు. అడిగే మొహం నాకు లేదు.

సెప్టెంబర్ 1, ఆదివారం. నది ఒడ్డున

పడవవాడు ఇసుక మేట మీద టార్పాలిన్ కడుతున్నాడు. ఈ పుస్తకం నిన్ననే సొరుగులోంచి తీసి వెంట తెచ్చుకున్నాను. ఇంకా వెలుతురుంది. మర్చిపోకముందే రాయాలి. మర్చిపోతానని కాదు, మళ్ళీ నాకు కావలసినట్టు మార్చి రాసుకుంటానని భయం.

పొద్దున్న కూర్మయ్య చెప్పిన వేళకే వచ్చాడు. ఇద్దరం బయలుదేరాం. సామాను నేను మోశాను, గాలాల కర్రలు వాడు. ఆ మలుపు దగ్గరకు వచ్చాం. గేటు కనబడింది, కాన్‌స్టేబుల్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అక్కడ కూర్మయ్య ఆగాడు. మొలలోంచి పసుపు గుడ్డ మూట తీసి నావైపు చాపాడు.

"కాస్త పట్టుకోండి కిరాణిగారూ. సిగరెట్ ఎలిగించుకుంటాను."

వాడి దగ్గర సిగరెట్ లేదు. అగ్గిపెట్టె లేదు. పుట్టి బుద్ధెరిగాక ముట్టని మనిషి. మూట మాత్రం చాపిన చేతిలో అలాగే ఉంది.

పట్టుకున్నాను. గుప్పెడు బియ్యం ఎంత బరువుంటుందో నాకు ఇవాళే తెలిసింది. మలుపు నుంచి గేటు దాకా ఎలా నడిచానో తెలియదు. వాడు నా పక్కన కాదు, ఒక అడుగు వెనక నడిచాడు. జేబులో పెట్టుకోవాలని చెయ్యి రెండుసార్లు జేబు దాకా వెళ్ళింది. పెట్టుకోలేదు.

కాన్‌స్టేబుల్ కుర్రవాడు, మలాయ్. పర్మిట్ చూశాడు, జాబితా చూశాడు, బుట్ట చూశాడు. తర్వాత నా చెయ్యి చూశాడు. విప్పించాడు. ఇది జాబితాలో లేదే, ఏమిటిదని మలాయ్‌లో అడిగాడు. నేను మలాయ్‌లోనే చెప్పాను. ఇది బియ్యం. నది తల్లికి. మా వాళ్ళ ఆచారం. ఇది ఎప్పుడూ మోసేది నేనే, ఇతను కాదు. ఆ ఆఖరి మాట కుర్రవాడికి అర్థం కాలేదు. వాడు దాన్ని అడగనే లేదు. నవ్వి, వెళ్ళండి లా, పెద్ద చేప పడితే నాకో ముక్క తెమ్మన్నాడు. కర్ర పైకెత్తాడు.

అంతే. ఆ మాట అనడానికి ఒక ఊపిరి పట్టింది. అప్పుడైనా అంతే పట్టేది.

గేటు దాటి కొంత దూరం వెళ్ళాం. దారి పక్కన రబ్బరు చెట్టు మొదట్లో కూర్చుండిపోయాను. కూర్మయ్యా, ఆ రోజు నేను లారీని ముందే చూశాను, చూసే నీకిచ్చాను, తెలియదని చెప్పాను అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. వాళ్ళమ్మ అర్జీ సంగతి కూడా అన్నాను. ఏడుస్తూ చెప్పిన మాటలు సగం మింగేసి ఉంటాను.

వాడు కర్రలు దించి నా ఎదురుగా గొంతుకు కూర్చున్నాడు.

"నీ కాగితం క్యాంపులో సదివినారు. విచారణ కమిటీ ముందట, తమిళంలో. ఎల్లిన ఆర్నెల్లకే."

ఆర్నెల్లకే. అంటే వాళ్ళమ్మ పోకముందే. అందరి ముందూ మీరేటి సేస్తారు కిరాణిగారూ అన్న రోజుకు ముందే. మరి ఎందుకు అడగలేదని అడిగాను.

"నువ్వు సెప్తావని సూసినాను బావా. నాకు తెలుసునని నీకు తెలిస్తే, ఇంక నువ్వు సెప్పేదేటి? అందుకే ఊరుకున్నాను. మూడేళ్ళు సూసినాను."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. ఐదేళ్ళ తర్వాత బావా అన్నాడు. అదే పిలుపు, వాడి గొంతే, కానీ నాకు చిన్నప్పటిది వినబడలేదు. గేటు దగ్గరిది వినబడింది. ఇక ఎప్పుడు పిలిచినా అదే వినబడుతుంది.

మధ్యాహ్నం మొదటి గాలం వేసే ముందు కూర్మయ్య మూట అడిగాడు. సగం నీళ్ళలో చల్లాడు, గంగమ్మకని. మిగతా సగం అరచేతిలో ఉంచుకున్నాడు. ఇది మా అమ్మకన్నాడు. వాళ్ళమ్మకు ఇన్నాళ్ళకు వాడి చేతి మెతుకు. నేను కూడా చెయ్యి చాపబోయాను.

"నువ్వు పెట్టినావు కదా అప్పుడు. ఇది నన్ను పెట్టనియ్యి" అన్నాడు.

పక్కకు జరిగాను. వాడు చల్లాడు. గింజలు పసుపుపచ్చగా కాసేపు తేలి, రాళ్ళ మధ్యకు కొట్టుకుపోయాయి.

కెలా ఇంకా పడలేదు. చిన్న చేపలు రెండు పడ్డాయి. ఒకటి రత్నావతికి ఉప్పు పట్టించి ఉంచాను.